నాన్న మరచిపోతే రాముడు గుర్తుపెట్టుకుంటాడా?

ప్రశ్న: మా నాన్నగారు రైతు. మా ఊరి రామాలయంలో నలభై ఏళ్లకు పైగా పూల సేవ చేశారు. రోజూ తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, పూలు కోసి, మాల కట్టి స్వామికి ఇచ్చాకే పొలానికి వెళ్లేవారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. మూడేళ్లుగా మతిమరుపు జబ్బు, నన్నే 'ఎవరమ్మా నువ్వు' అంటున్నారు. గుడికి తీసుకెళ్తే కొత్త చోటు చూసినట్టు చూస్తారు. ఆలయ కమిటీ వాళ్లు ఒక్కసారైనా వచ్చి పలకరించలేదు. నాన్నకు స్నానం, తిండి అన్నీ అన్నయ్యే చూసుకుంటాడు. 'అంత చేస్తే ఆ రాముడు ఇచ్చింది ఇదా' అని దేవుడి గదిలో దీపం మాత్రం మానేశాడు. అమ్మ దిగులు వేరు. 'నోట రామనామం రాకుండా పోతే ఈయన గతేమిటే' అని రాత్రిళ్లు ఏడుస్తుంది. చుట్టాలేమో పూర్వజన్మ కర్మ అంటున్నారు. నాకూ దేవుడి మీద కోపంగా ఉంది. కోపం వచ్చినందుకు భయంగానూ ఉంది. చేసిన సేవ దేవుడికి గుర్తుండదా? నాన్న కట్టే మాల ఇప్పుడు నేను కట్టాలా? — ఒక కూతురు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి దిగులు సంగతి చూద్దాం. మీ కోపం, అన్నయ్య కోపం, కమిటీ వాళ్ల నిర్లక్ష్యం తర్వాత మాట్లాడుకోవచ్చు. భర్త గతి ఏమవుతుందోనని రాత్రిళ్లు కుమిలిపోతున్న ఆవిడకు మాత్రం జవాబు వెంటనే అందాలి. ఆ జవాబు మన పెద్దలు ఏనాడో చెప్పి పెట్టారు.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. చివరి ఘడియలో ఏ భావాన్ని తలచుకుంటూ దేహం విడిస్తే ఆ భావాన్నే పొందుతాడని గీత ఎనిమిదో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు. పురాణ కాలక్షేపాల్లో అజామిళుడి కథ విన్నవాళ్లకు ఇది మనసులో మరీ నాటుకుపోతుంది. కొడుకును పిలవబోయి అన్నా సరే, 'నారాయణా' అనే మాట నోట పడింది కాబట్టి అతడు గట్టెక్కాడు. ఆ ఒక్క మాటా రానివాడి సంగతేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మహాభక్తులకూ ఈ బెంగ తప్పలేదు. భద్రాచల రామదాసు దాశరథీ శతకంలో దాన్ని దాచుకోకుండా చెప్పుకున్నాడు:

ముప్పునఁ గాలకింకరులు ముంగిట వచ్చినవేళ, రోగముల్
గొప్పరమైనచోఁ గఫము కుత్తుక నిండినవేళ, బాంధవుల్
గప్పినవేళ, మీ స్మరణ గల్గునొ గల్గదొ, నాఁటి కిప్పుడే
తప్పక చేతు మీ భజన దాశరథీ కరుణాపయోనిధీ!

'గల్గునొ గల్గదొ' అన్నాడు చూడండి. రామదాసు అంతటివాడికే ఆ వేళ రామస్మరణ కలుగుతుందన్న ధీమా లేదు. అందుకే ఆనాటి భజన ఈనాడే చేసి పెడతానన్నాడు. కులశేఖరులు ముకుందమాల అనే స్తోత్రంలో అడిగిందీ ఇదే: కఫవాతపిత్తాలతో గొంతు పూడుకుపోయే వేళ నిన్నెక్కడ తలచుకోగలను, నా మనసనే రాజహంస ఇవాళే నీ పాదపద్మాల్లో చేరనీ అని. పెరియాళ్వారు కూడా శ్రీరంగనాథుడితో అన్నాడు: ఆ వేళ నిన్ను తలచలేను, ఆ వేళకని ఇప్పుడే చెప్పి పెట్టుకుంటున్నాను, శేషశయ్య మీద పవళించినవాడా, అని. ఈ పెరియాళ్వారు ఎవరో తెలుసు కదా? శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడని వర్ణించింది ఈయన్నే. శ్రీవిల్లిపుత్తూరులో పూలతోట పెంచి, రోజూ వటపత్రశాయికి మాలలు కట్టి ఇచ్చినవాడు. మీ నాన్నగారిది ఆయన చేసిన పనే.

పద్యాలు, పాశురాలు నోటికి వచ్చినా రాకపోయినా మీ నాన్నగారు చేసింది 'నాఁటికిప్పుడే' అన్నదే. నలభై ఏళ్లు, ఒళ్లు స్వాధీనంలో ఉన్నన్నాళ్లూ, తెలివి నిండుగా ఉన్నప్పుడు చేసి పెట్టారు.

ఇది భక్తుడి వైపు మాట. స్వామి వైపు మాట ఇంకా గట్టిది. వైష్ణవులు వరాహ చరమశ్లోకమని పిలుచుకునే రెండు శ్లోకాలు ఉన్నాయి. భూదేవి అడిగితే వరాహమూర్తి చెప్పిన మాటలవి. మనసు నిలకడగా, శరీరం ఆరోగ్యంగా, ధాతువులు సమంగా ఉన్నప్పుడు ఎవడు నన్ను తలచుకుంటాడో, అతడు తర్వాత కట్టెలా, రాయిలా పడి చనిపోతున్న వేళ:

అహం స్మరామి మద్భక్తం నయామి పరమాం గతిమ్

'నా భక్తుణ్ణి నేను తలచుకుంటాను, పరమగతికి నేను తీసుకుపోతాను.' కట్టెలా, రాయిలా అన్నది నా మాట కాదు, 'కాష్ఠపాషాణసన్నిభం' అని శ్లోకంలోనే ఉంది. మాట రానివాడు, మనిషిని గుర్తుపట్టలేనివాడు, తానెవరో తనకే తెలియనివాడు ఎలా ఉంటాడో తెలిసి చెప్పిన మాట అది. అప్పుడు తలచుకోవలసిన బాధ్యత భక్తుడి మీద లేదు, స్వామి దాన్ని తన మీద వేసుకున్నాడు. మీరు అడిగిన దేవుడి కృతజ్ఞత నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడే. సేవ చేసినవాడి జ్ఞాపకం చెరిగిపోయినా, సేవ అందుకున్నవాడి జ్ఞాపకం చెరగదు.

ఇంకొక్క మాట కూడా అమ్మగారికి చెప్పండి. కంచిలో వరదరాజస్వామికి తిరుక్కచ్చినంబి అనే మహానుభావుడు వింజామర విసిరేవారు. పూవిరుందవల్లిలో పూలు పెంచి కంచికి తెచ్చి సమర్పించేవారని కూడా చెబుతారు. స్వామి ఆయనతో మాట్లాడేవాడని సంప్రదాయం. రామానుజులు తన సందేహాలకు జవాబు కోరితే, నంబి స్వామిని అడిగి ఆరు మాటలు తెచ్చి చెప్పారు. ఆ ఆరింటిలో ఒకటి 'అంతిమస్మృతివర్జనం'. శరణన్నవాడికి చివరి ఘడియలో స్మరణ ఉండి తీరాలన్న నియమం లేదని దాని అర్థం. అన్ని సంప్రదాయాలూ ఈ మాటను ఇలాగే ఒప్పుకుంటాయని అనను. కానీ వెయ్యేళ్లుగా శ్రీవైష్ణవులు దీన్ని గుండెలో పెట్టుకుని ప్రాణాలు విడిచారు. పైగా ఇది పండితుల వాదంలో తేలిన తీర్పు కాదు, సేవ చేసే ఒక మనిషి నోట స్వామి పంపిన కబురు. మీ అమ్మగారికి పట్టుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు మీ కోపం. దేవుడి మీద కోపం వచ్చిందని భయపడకండి. మన తెలుగునేల మీద ఆ కోపానికి గుడిలోనే చోటుంది. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, భద్రాచలంలో గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడాడన్న నేరానికి గోల్కొండ ఖైదులో పడ్డ కంచెర్ల గోపన్న, అంటే ఇందాకటి రామదాసే, రాముణ్ణి నిలదీశాడు. సీతమ్మకు ఏం చేయించాడో, లక్ష్మణుడికి ఏం చేయించాడో, ఏ నగకు ఎంతైందో వరసగా ఏకరువు పెట్టాడు. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని అడిగాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకని వేడుకున్నాడు. మన పెద్దలు తిట్టును తీసేసి వేడుకోలును మాత్రమే ఉంచలేదు, రెండూ కలిపే పాడుకుంటూ వచ్చారు. రాముడు దానికి అలిగాడని ఏ కథా చెప్పదు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు పెట్టుకుని తానీషా దగ్గరికి నడిచి వెళ్లి ఆరు లక్షల మొహరీలు కట్టి వచ్చాడనే చెబుతుంది.

ఇది చెబితే మీ అన్నయ్య వెంటనే అంటాడు: గోపన్నకు వచ్చాడు, మా నాన్నకు రాలేదే అని. ఆ మాటను నేను తోసిపుచ్చను. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

దేవుడి కృతజ్ఞత గురించి మన గ్రంథాల్లో ఉన్న మాటలు తీసి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. స్వామి 'తీర్చేశాను' అనడం నాకు పెద్దగా కనిపించదు. 'తీరలేదు' అనే అంటాడు. హనుమంతుడు సీతమ్మ జాడ తెచ్చినప్పుడు, యుద్ధకాండ మొదట్లోనే, రాముడు బాధపడ్డాడు: ఇంత ప్రియం చెప్పినవాడికి తగిన ప్రియం చేయలేకపోతున్నానే అని. రాజ్యం లేదు, ధనం లేదు, భార్య దగ్గర లేదు. ఉన్నది తానొక్కడే. 'ఇదే నా సర్వస్వం' అంటూ హనుమంతుణ్ణి గుండెకు హత్తుకున్నాడు. పట్టాభిషేకం అయ్యాక ఇవ్వడానికి అన్నీ ఉన్నాయి. సీతమ్మ తన మెడలోని ముత్యాలహారం తీసి హనుమంతుడికే ఇచ్చింది. అయినా, ఉత్తరకాండలో వానరులను సాగనంపే వేళ రాముడు ఇంకా అప్పులోనే ఉన్నాడు. నువ్వు చేసిన ఒక్కొక్క ఉపకారానికి నా ప్రాణమివ్వగలను, మిగిలినవాటికి మేము నీకు ఋణపడే ఉంటాం, అన్నాడు. ఆ తర్వాతి మాట మరీ గొప్పది: 'మదంగే జీర్ణతాం యాతు'. నీ ఉపకారం నా ఒంట్లోనే జీర్ణమైపోనీ. ప్రత్యుపకారం అందుకోవలసిన స్థితి మనిషికి ఆపదలోనే వస్తుంది, నీకు ఆ ఆపద రాకూడదు. అందుకే బాకీ తీర్చే రోజు రావద్దని ఆయన కోరుకున్నాడు.

మరి మా నాన్నకు ఆపద వచ్చింది కదా అని మీరు అడుగుతారు. వచ్చింది. ఆ శ్లోకం చదివిన ప్రతిసారీ ఇలాంటి ఇళ్లే నాకు గుర్తొస్తాయి. ఇక్కడ నేను మీకు తేలికైన జవాబు ఇవ్వను. భారతంలో ఒక మాట మాత్రం వినిపిస్తాను. ఉద్యోగపర్వంలో కృష్ణుడు సంజయుడితో అంటాడు:

ఋణమేతత్ ప్రవృద్ధం మే హృదయాన్నాపసర్పతి
యద్గోవిందేతి చుక్రోశ కృష్ణా మాం దూరవాసినమ్

'దూరంగా ఉన్న నన్ను ద్రౌపది గోవిందా అని పిలిచింది. ఆ అప్పు పెరిగి పెరిగి నా గుండెను వదలడం లేదు.' చీరలిచ్చి కాపాడాడనే కథ మనందరికీ తెలుసు. వనపర్వంలో మాత్రం కృష్ణుడు పాండవులతో, ఆ రోజు నేను దగ్గర లేను, సాల్వుడితో యుద్ధంలో ఉన్నాను, ఉండి ఉంటే పిలవకపోయినా వచ్చి ఆ జూదం ఆపేవాణ్ణి అంటాడు. పిలిచిన వేళ పక్కన లేకపోయానన్న బాధ స్వామికే ఉంది. ఆ బాధ పదమూడేళ్ల తర్వాత, యుద్ధం ముంగిట కూడా మాసిపోలేదు. దేవుడు మనల్ని మరచిపోయాడని అనుకునే ఘడియలో, ఆయన గుండెలో ఆ పిలుపు అప్పులా వడ్డీతో పెరుగుతోందని చెప్పే గ్రంథం మనది. ఇది చదివాకే నేను దేవుణ్ణి 'ఏం ఇచ్చావు' అని కాక 'నీకు గుర్తుందా' అని అడగడం నేర్చుకున్నాను. మీరు ఉత్తరంలో ఆ ప్రశ్నే అడిగారు.

జబ్బు సంగతి వేరు. అది శిక్ష అని గానీ, సేవలో లోపమని గానీ ఎవరు చెప్పినా నమ్మకండి. రామకృష్ణ పరమహంస గొంతు క్యాన్సర్‌తో 1886లో దేహం విడిచారు. రమణ మహర్షి చేతి మీద కణితితో 1950లో వెళ్లిపోయారు. వాళ్ల భక్తిలో ఏం తక్కువైందని? పూర్వజన్మ కర్మ అంటున్న చుట్టాలు కర్మ సిద్ధాంతం తెలిసి మాట్లాడటం లేదు, ఏం మాట్లాడాలో తెలియక మాట్లాడుతున్నారు. మంచి చేసిన ఏ ఒక్కడికీ దుర్గతి ఉండదని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుణ్ణి 'నాయనా' అని పిలిచి మరీ చెప్పాడు. చుట్టాలు మళ్లీ ఎత్తితే ఆ మాట చెప్పి, కాఫీ ఇచ్చి పంపండి.

ఇక 'అంత చేస్తే ఇచ్చింది ఇదా' అన్న మాట. భాగవతంలో నరసింహస్వామి వరమడగమంటే ప్రహ్లాదుడు అన్నాడు: నీ దగ్గర ప్రతిఫలం ఆశించేవాడు సేవకుడు కాడు, వ్యాపారి. ఈ మాట చాలామంది చెబుతారు. దాని వెంటనే ఉన్న మాటను ఎక్కువగా చెప్పరు: సేవకుడి మీద పెత్తనం నిలుపుకోవడానికి వరాలిచ్చేవాడూ స్వామి కాడు. కొనుక్కునే బంధాన్ని ప్రహ్లాదుడు రెండు వైపులా కాదన్నాడు. దీన్ని పట్టుకుని మీ అన్నయ్యను వ్యాపారి అనకండి, దయచేసి. ఆయన తన కోసం అడగలేదు. తండ్రి కష్టం చూడలేక అడిగాడు. ప్రహ్లాదుడు కూడా తనకేమీ వద్దన్నాక, తండ్రి కోసం మాత్రం అడిగాడు, మా నాన్నను పవిత్రుణ్ణి చేయమని. కొడుకు తండ్రి కోసం అడిగితే అది బేరం కాదు.

నా మటుకు నాకు, మీ నాన్నగారికి ఏమీ అందలేదని అనిపించదు. ఇందాకటి తిరుక్కచ్చినంబే ఒకసారి స్వామిని మోక్షం అడిగారట. నువ్వు విసిరావు, నేను మాట్లాడాను, అక్కడికి చెల్లు, మోక్షానికి మాత్రం ఒక భాగవతుణ్ణి, అంటే ఒక భక్తుణ్ణి, సేవించమన్నాడట స్వామి. మొదటిసారి విన్నవాళ్లకు ఇది కటువుగా ఉంటుంది. నాకు ఇందులో వేరొకటి కనిపిస్తుంది. ఆ విసిరే వేళల్లోనే ఇచ్చిపుచ్చుకోవడం జరిగిపోయింది, రేపటికంటూ దాచిపెట్టింది ఏమీ లేదు. నలభై ఏళ్లపాటు తెల్లవారకముందే పూలచెట్టు దగ్గర నిలబడిన మీ నాన్నగారు అక్కడ ఏం పొందారో మీరు చూసే ఉంటారు. అన్నేళ్లు మానలేదంటే ఆయనకు అక్కడ ఏదో అందుతూనే ఉంది.

మాల విషయానికి వస్తాను. పూలసేవ అనగానే తిరుమల అనంతాళ్వారు గుర్తొస్తారు. తిరుమల కొండ మీద ఉండి స్వామికి పూలసేవ ఎవరు చేస్తారని రామానుజులు శిష్యులను అడిగితే, చలికీ అడవికీ భయపడక నేను వెళ్తానన్నది ఈయనొక్కడే. తోటకు నీళ్ల కోసం చెరువు తవ్వుతూ, నిండుచూలాలైన భార్యతో మట్టి మోయించాడు. ఒక పిల్లవాడు వచ్చి ఆమె తట్ట అందుకున్నాడు. సేవలో ఇంకొకరికి వాటా ఇవ్వనని అనంతాళ్వారు గునపం విసిరితే పిల్లవాడి గడ్డానికి తగిలింది. గుడిలో చూస్తే మూలమూర్తి గడ్డం నుంచి రక్తం. ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దుతారు. ఆ గునపం మహాద్వారం దగ్గర వేలాడుతూనే ఉంది. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్ సవారి పేరుతో స్వామి అనంతాళ్వారు తోటకు వెళ్లి వస్తాడు. అదీ అప్రదక్షిణంగా, ఆ తోటలో ఒకనాడు ఈయనకు చిక్కకుండా అటుగా పరుగెత్తాడన్న జ్ఞాపకంతో. సేవ చేసినవాడి తోటకు సేవ అందుకున్నవాడు ఏటా వెళ్లడం ఇది.

ఈ కథ చెప్పడానికి కారణముంది. అనంతాళ్వారు ఇంకొకరి చేయి వద్దన్నాడు, స్వామి మాత్రం ఆ చేయి వేయడానికే వచ్చాడు. సేవ ఒకరి సొత్తుగా ఉండిపోనక్కరలేదు. మీరు కట్టాలనుకుంటే కట్టండి. కానీ 'నాన్న మాల ఆగిపోకూడదు' అనే భయంతో మొదలుపెట్టకండి. మీకు మీ ఇల్లు, పనులు ఉంటాయి, రోజూ అని మొక్కుకుంటే నెలలోపే భారమవుతుంది. రాముడి నక్షత్రం పునర్వసు నెలకొకసారి వస్తుంది. ఆ రోజుతో మొదలుపెట్టండి. మనసు పుడితే శనివారాలు కలుపుకోండి. అసలు కట్టాలనిపించకపోతే మానేయండి, అందులో దోషమేమీ లేదు.

కట్టే రోజు నాన్నగారి పక్కన కూర్చుని కట్టండి. మతిమరుపు జబ్బులో మనుషుల పేర్లు, ముఖాలు పోయినా, ఏళ్ల తరబడి చేతులు చేసిన పని, చిన్ననాటి పాటలు చాలామందిలో ఇంకా కొంతకాలం నిలుస్తాయి. ఆయన చేతిలో రెండు పూలు, ఒక దారం పెట్టి చూడండి. ముడి వేస్తే వేశారు, లేకపోతే పూలు తడుముతూ కూర్చుంటారు, అదీ మంచిదే. 'నేనెవరో చెప్పు', 'ఇది ఏ గుడి' అని పరీక్షలు పెట్టకండి. చెప్పలేకపోయిన ప్రతిసారీ ఆయనకూ నొప్పే. ఒక జాగ్రత్త: ఈ జబ్బున్నవాళ్లు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు. గన్నేరు విషం, దాన్ని ఆయన దగ్గరికి రానివ్వకండి. తులసి, మల్లె చాలు. సూది వాడకండి. మతిమరుపు ఉన్నట్టుండి పెరిగినా, ఒక్కసారిగా తికమక ఎక్కువైనా 'జబ్బే అంత' అని వదిలేయక డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, థైరాయిడ్, బి12 లోపం, ఏదో ఒక మందు పడకపోవడం లాంటి సరిచేయగల కారణాలు కూడా ఉంటాయి.

కమిటీ వాళ్ల మీద మీ కోపం న్యాయమైనది, దాన్ని దేవుడి ఖాతాలో వేయకండి. దేవుడి కృతజ్ఞత గురించి ఎన్ని శ్లోకాలైనా చెప్పుకోవచ్చు, మనుషుల కృతఘ్నతకు అవి సాకు కాకూడదు. గోహత్యకూ, సురాపానానికీ, దొంగతనానికీ, వ్రతభంగానికీ ప్రాయశ్చిత్తం ఉంది, కృతఘ్నుడికి లేదు అని కిష్కింధకాండలో లక్ష్మణుడు సుగ్రీవుడి ముఖం మీదే అన్నాడు. మాట ఇచ్చి మరచిపోయిన సుగ్రీవుడికి అది గట్టిగానే తగిలింది. తార సర్దిచెప్పింది, సుగ్రీవుడు దిద్దుకున్నాడు, రాముడు దగ్గరికి తీసుకున్నాడు. అంటే గుర్తుచేయడం తప్పు కాదు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: మా నాన్నగారు ఇన్నేళ్లు పూలసేవ చేశారు, ఇప్పుడు మతిమరుపు జబ్బుతో ఉన్నారు, పండగలకు తీర్థప్రసాదాలు ఇంటికి పంపండి, శ్రీరామనవమికి స్వామికి కట్టి తీసిన శేషవస్త్రం ఆయనకు కప్పండి, అర్చకస్వామి వీలున్నప్పుడు వచ్చి చూసి వెళ్లమనండి. డబ్బు అడగకండి, సన్మానసభ అడగకండి. చాలా ఊళ్లలో కమిటీలు మారుతుంటాయి, కొత్తవాళ్లకు తెలిసి కూడా ఉండదు. రాసినా రాకపోతే అప్పుడు మీరు లక్ష్మణుడిలా వెళ్లి అడగండి, నేను తప్పుపట్టను.

అన్నయ్య దీపం మానేశాడని రాశారు. దాని గురించి ఆయన్ను ఇప్పుడేమీ అడగకండి, అమ్మగారిని కూడా అడగవద్దనండి. దీపం అమ్మగారు పెట్టుకోవచ్చు. మరాఠీ భక్తకవి ఏకనాథుడి ఇంట పాండురంగడు శ్రీఖండ్యా అనే పేరుతో పన్నెండేళ్లు నీళ్లు మోశాడని ఆయన ఊరైన పైఠణ్ వాళ్లు చెప్పుకుంటారు. భక్తుడికి సేవ చేయాలనిపిస్తే స్వామి పనివాడి చేతులతోనే వస్తాడని మన కథలన్నీ అంటాయి. రోజూ తండ్రికి స్నానం చేయించి, ముద్ద కలిపి నోట్లో పెడుతున్న చేతుల్లో నాకు ఆ ఋణం తీరడమే కనిపిస్తోంది. ఇది నా నమ్మకం. మీ అన్నయ్యకు దీన్ని బోధించనక్కరలేదు, ఆయన ఒప్పుకోనక్కరలేదు కూడా. ఆయనకు ఇప్పుడు కావలసింది విశ్రాంతి. మూడేళ్లుగా ఇలాంటి రోగిని ఒక్కడే చూసుకునే మనిషి ఒళ్లూ మనసూ రెండూ అరిగిపోతాయి, దేవుడి మీద విసురు చాలాసార్లు ఆ అలసటలోంచే వస్తుంది. వారానికి రెండు రోజులైనా మీరు వెళ్లి నాన్నగారి పని అందుకోండి, దూరమైతే నెలకు నాలుగు రోజులు వరసగా వెళ్లండి, లేదా స్నానానికి, పక్కబట్టలు మార్చడానికి ఒక మనిషిని కుదిర్చి ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. ఆయన్ను ఆ రోజుల్లో ఇంట్లోంచి బయటికి పంపండి, పొలానికో, స్నేహితుల దగ్గరికో, నిద్రకో. ఈ వారమే ఫోన్ చేసి ఏ రోజులు వస్తారో చెప్పండి.